షిఫ్టు దిగినాక: పేరు ఒకరిది, పడక ఇంకొకరిది



పోయిన నెల పింఛనుదార్లు లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సంగతి రాస్తే చాలామంది ఫోన్ చేసినారు. వాళ్లలో ఒక చెల్లెలు వేరే మాట అడిగింది. ఆమె మొగుడు నాతోపాటు రింగ్ ఫ్రేము ఖాతాలో పని చేసినవాడే, ఇప్పుడు లేడు. ఆయమ్మ ఊర్లో ఇల్లు బాగు చేయించుకొని, మిద్దె మీది రెండు గదులు వచ్చిపోయేవాళ్లకు రోజు బాడుగకు ఇస్తా ఉంది. "అన్నా, బెంగళూరు నుంచి ఒకాయన ఫోన్ చేసి, మావాడు, వాని ఫ్రెండ్సు వస్తారు, డబ్బు నేను వేస్తాను, గది పెట్టు అంటాడు. పిల్లోళ్లకు ఇరవై ఏళ్లు కూడా ఉండవు. ఇయ్యొచ్చునా, ఇయ్యకూడదా?" అని అడిగింది.

నేను ఫోన్‌లో ఒక ముక్కలో చెప్పలేకపోయినాను. ఈ సంగతిలో నాకు ఒక దెబ్బ తగిలింది. ఇంకొకసారి నేనే తప్పు చేసినాను. రెండూ రాస్తాను, చదివి నీవే తేల్చుకో చెల్లెలా. మిగతావాళ్లు కూడా చదవండి. ఎందుకంటే ఇప్పుడు మన వాళ్లలో వీఆర్ఎస్ డబ్బుతో ఇల్లు కట్టుకొని ఒక గది మిగిలినవాళ్లంతా ఈ పనిలోకి దిగుతా ఉండారు.

మాది మంగళవాడ. పావగడ తాలూకా, తుమకూరు జిల్లా. మా తాలూకాకు మూడు వైపులా ఆంధ్రా ఉంటాది, పేరుకు మాత్రం కర్ణాటక. ఆఫీసులో కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ. మా పక్క ఎవరైనా బయటివాళ్లు వచ్చినారంటే ఒకప్పుడు పావగడ శనిమహాత్ముని గుడికే. శనివారం, అందులో శ్రావణమాసం శనివారం అయితే పావగడలో కాలు పెట్టే సందు ఉండదు.

తరువాత సోలార్ పార్కు వచ్చింది. తిరుమణి, వళ్లూరు, రాయచెర్లు, బలసముద్రం, క్యాతగానచెర్లు, ఈ ఐదూళ్ల భూములు దగ్గర దగ్గర 13,000 ఎకరాలు కౌలుకు తీసుకొని అద్దాల పలకలు పరిచినారు. రైతుకు ఎకరాకు సంవత్సరానికి 21,000 రూపాయలతో మొదలుపెట్టినారు. 2018లో మొదటి కరెంటు, 2019 ఆఖరుకు 2,050 మెగావాట్లు. ఆ కట్టే రోజుల్లో ఇంజనీర్లు, వెల్డర్లు, బిహారు, ఒడిశా పిల్లోళ్లు, అందరికీ గదులు కావాల. నా మిద్దె మీది రెండు గదులు అప్పుడే కట్టించినాను. ఒక కాంట్రాక్టరు తన పేరు మీద తీసుకున్నాడు. నెల నెలా బాడుగ వచ్చేది. లోపల ఉండేది మాత్రం ఈ నెల నలుగురు, పై నెల వేరే ఆరుగురు. నేను పట్టించుకోలేదు. బాడుగ వస్తా ఉంది కదా.

పని అయిపోయినాక వాళ్లు పోయినారు. గదులు ఖాళీ. తుమకూరులో చదివే నా మనవరాలు సెలవులకు వచ్చి, ఫోటోలు తీసి, ఎయిర్‌బీఎన్‌బీలో పెట్టింది. "తాతా, లేపాక్షి పోయేవాళ్లు, పావగడ కొండ ఎక్కేవాళ్లు వస్తారు చూడు" అనింది. నేను నవ్వినాను. మంగళవాడకు ఎవరొస్తారు అనుకున్నా. వచ్చినారు. ముద్ద, చెనిక్కాయల చట్నీ పెడితే బెంగళూరోళ్లు ఫోటో తీసుకొని తింటారు. ముద్దకు ఫోటో ఏమిటో నాకు ఇంకా తెలీదు.

ఇక దెబ్బ సంగతి.

ఒక బేస్తవారం ఒకాయన ఫోన్ చేసినాడు. మంచి మాట, మర్యాద గల మనిషి. "మా అబ్బాయి, వాని స్నేహితులు నలుగురు, శనివారం దేవుని దర్శనం చేసుకొని ఆదివారం వచ్చేస్తారు. నా ఖాతా నుంచి బుక్ చేసినాను, మీరు చూసుకోండి పెద్దాయనా" అన్నాడు. దైవభక్తి ఉన్న పిల్లోళ్లు అనుకొని సంతోషపడినాను. శనివారం రాత్రి తొమ్మిది దాటినాక మూడు మోటార్ సైకిళ్ల మీద ఆరుగురు దిగినారు. దర్శనం అప్పటికే అయ్యిందో లేదో అడగలేదు. చెడ్డ పిల్లోళ్లు కాదు. చెప్పులు గడప బయట విప్పినారు. నా ఇంటామెను అవ్వా అని పిలిచినారు. నేను రిజిస్టరులో రాసిందేమి? ఫోన్ చేసినాయన పేరు, ఆయన నంబరు, "ఆరుగురు". అంతే.

తెల్లారుజామున నాలుగింటికే లేచి పావగడ కొండ మీదికి సూర్యుడు పుట్టేది చూడాలని పోయినారు. అక్కడ ఒక పిల్లోడు జారి పడినాడు. కాలు విరిగింది. మోసుకొని దింపి, ఒక ఆసుపత్రికి తీసుకుపోయి నాకు ఫోన్ చేసినారు. నేను పోయేసరికి డాక్టరమ్మ అడగతా ఉంది, "వీనికి వయసెంత? పెద్దవాళ్లు ఎవరు? ఆపరేషన్‌కు సంతకం ఎవరు పెడతారు?" అని. అప్పుడు తెలిసింది వానికి పదహారు. మిగతావాళ్లకు పద్దెనిమిది, పంతొమ్మిది.

బుక్ చేసినాయనకు ఫోన్ చేసినాను. "ఆ పిల్లోడు మావాడు కాదండీ, వాళ్ల తల్లిదండ్రులు ఎవరో నాకు తెలీదు. నేను డబ్బు వేసినాను, అంతే" అన్నాడు. మర్యాద అంతా పోయింది మాటలో. పిల్లోని ఫోన్ కొండ మీదే పగిలింది. వాని స్నేహితులకు వాళ్లమ్మ నంబరు తెలీదు. వాడు నొప్పితో చెప్పిన అంకెల్లో ఒకటి తప్పు పోయింది. మూడు గంటలు పట్టింది ఆ తల్లిని పట్టుకోవడానికి. ఆమెకు తెలిసిందేమి? కొడుకు పక్క వీధిలో స్నేహితుని ఇంట్లో చదువుకుంటా ఉండాడని.

మధ్యలో పోలీసాయన వచ్చి "రిజిస్టరు తీయి" అన్నాడు. తీసినాను. అందులో ఉన్న మనిషి నా ఇంటి గడప తొక్కనే లేదు. గడప తొక్కిన ఆరుగురి పేర్లూ అందులో లేవు. ఆయన నా ముఖం చూసినాడు. ఏమీ అనలేదు. అంటే బాగుండు అనిపించింది.

మధ్యాహ్నానికి తల్లి వచ్చింది. కొడుకును చూసుకొని ఏడ్చి, బయటికి వచ్చి నన్ను అడిగింది, "మీరు పెద్దవాళ్లు కదా. మీ ఇంట్లో మనవళ్లు లేరా? ఎవరు ఏమి అని అడక్కుండా ఎట్ల పెట్టుకున్నారు?" అని. నాకు నోట మాట రాలేదు. పిల్లోడు బాగయినాడు, నడుస్తా ఉండాడు, అది దేవుని దయ. ఆ మాట మాత్రం నా చెవిలోనే ఉండాది.

ఇంటికొచ్చి కూర్చున్నాక నాకు గుర్తొచ్చింది మన బదిలీ టోకెను.

మీలో పాతవాళ్లకు చెప్పనక్కర లేదు. కొత్త పిల్లలకు చెప్తాను. మిల్లులో పర్మినెంటు మనిషి రాకపోతే ఆ రోజుకు బదిలీ వానిని పెట్టేవాళ్లు. పద్ధతి ప్రకారం బదిలీ కార్డు ఉండాల, మస్టరులో వాని పేరే ఎక్కాల. జాబరు చేతివాటం ఉంటే మాత్రం ఒకని టోకెను మీద ఇంకొకడు లోపలికి పోయేవాడు. మస్టరులో వెంకటప్ప, మెషిను దగ్గర వాని బామ్మర్ది. రోజు గడిచిపోతే ఎవరికీ నష్టం లేదు. నేను పని చేసిన మిల్లులో కార్డింగ్ ఖాతాలో ఒక పిల్లోనికి అట్లనే గేరులో రెండు వేళ్లు పోయినాయి. ఈఎస్ఐ కార్డు వేరేవాని పేరు మీద ఉంది. పరిహారం అడిగితే, "ఈ రోజు ఆ మెషిను మీద పని చేసింది నీవు కాదు, మస్టరు చూడు" అన్నారు. పరిహారం చట్టం 1923లోనే వచ్చింది, ఈఎస్ఐ చట్టం 1948లోనే వచ్చింది. పేరు లేనివానికి ఆ రెండూ అందలేదు. యూనియన్ తిరిగి తిరిగి ఏదో కొంచెం ఇప్పించింది.

గది సంగతి కూడా అచ్చం ఇదే. రోజు బాగా గడిస్తే పేరు ఎవరిదైనా ఒకటే. ఏదన్నా అయితేనే మస్టరు తీస్తారు.

తరువాత సెలవుల్లో మనవరాలిని కూర్చోబెట్టుకొని ఆ కంపెనీ రూల్సు చదివించుకున్నాను. పెట్టినప్పుడే చదవాల్సింది, మనం ఎప్పుడు చదివినాం గనక. అందులో స్పష్టంగానే ఉంది. ఖాతా ఉండాలంటే పద్దెనిమిది నిండాల. సొంత ప్రయాణానికి ఒకరి ఖాతా మీద ఇంకొకరికి బుక్ చేయకూడదు. బుక్ చేసినవాళ్లు కూడా ఆ గుంపులో ఉండి రావాల. కంపెనీ పని మీద పంపించేవాళ్లకు వేరే పద్ధతి ఉండాది. అంటే ఆ తండ్రి చేసింది రూలుకు విరుద్ధం, నేను ఒప్పుకున్నదీ విరుద్ధమే. ఆయన ఖాతాలో ఉన్న ఫోటో, గుర్తింపు, ఇదివరకు ఎక్కడెక్కడ బాగా ఉన్నాడని రాసిన మంచి మాటలు, అవన్నీ చూసి నేను నమ్మినాను. అవి ఏవీ వచ్చిన పిల్లోళ్లవి కావు.

మన చట్టం కూడా ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం. పద్దెనిమిది నిండనివాడు ఒప్పుకున్న ఒప్పందం చెల్లదు. వాడు గదిలో కిటికీ పగలగొట్టినా, "నేను కట్టిస్తాను" అని కాగితం రాసిచ్చినా, ఆ కాగితం పట్టుకొని వాని మీద పోలేము. మనకు ఒప్పందం ఉండేది పెద్దవాళ్లతోనే. ఆ పెద్దవాళ్లు ఎవరో మనకు తెలిసి ఉండాల.

అమెరికాలో కూడా ఇట్లాంటిదే జరిగిందని మనవరాలు చదివి చెప్పింది. కాలిఫోర్నియాలో ఒరిండా అనే ఊరు. 2019 అక్టోబరు 31 రాత్రి. ఒకామె ఇల్లు బుక్ చేస్తా, అడవి మంటల పొగకు మా ఇంట్లోవాళ్లకు ఆయాసం, పన్నెండు మంది వస్తాము అని చెప్పిందట. వచ్చింది నూరు మందికి పైన, పెద్ద పార్టీ. అక్కడ తుపాకులు పేలి ఐదుగురు చచ్చిపోయినారు. ఆ తరువాత ఆ కంపెనీ పార్టీ ఇండ్లను ఆపింది. 2020లో అమెరికాలో ఇరవై ఐదేళ్ల లోపు వాళ్లు తమ ఊరి దగ్గర్లోనే మొత్తం ఇల్లు బుక్ చేయాలంటే అడ్డు పెట్టింది. మంచి పేరు తెచ్చుకున్న పిల్లలకు అడ్డు లేదు. ఇక్కడ మా ఊర్లో తుపాకులు పేలవు గానీ, చెప్పిన మనిషి ఒకరు, దిగిన మనుషులు వేరొకరు అనేది ఒకటే కథ.

ఇది చదివి ఎవరూ వయసు పిల్లలకు గది ఇయ్యము అని బోర్డు పెట్టవద్దండి. అది ఇంకో తప్పు. ఒకసారి పక్కూరాయన నాతో అన్నాడు, "పెండ్లి కాని ఆడపిల్ల, మగపిల్లోడు వస్తే పోలీసుకు చెప్పేయి, పుణ్యం" అని. ఏమి పుణ్యం? 2012 జూలై 28న మంగళూరు దగ్గర పడీల్‌లో ఒక హోంస్టేలో పిల్లలు పుట్టినరోజు చేసుకుంటా ఉంటే ఒక గుంపు లోపల పడి కొట్టింది, ఆడపిల్లలను కూడా కొట్టింది. టీవీలో మనమంతా చూసినాం. ఇంట్లో ఎవరు దిగినారో ఊరికి చెప్పుకోవడం అట్లాంటి గుంపుకు దారి చూపించడమే. కోయంబత్తూరులో ఒక సర్వీసు అపార్టుమెంటుకు అధికారులు సీలు వేస్తే, 2019 డిసెంబరులో మద్రాసు హైకోర్టు, పెండ్లి కాని ఇద్దరు పెద్దవాళ్లు ఒక గదిలో ఉండటం నేరమని ఏ చట్టంలోనూ లేదని చెప్పి సీలు తీయించింది. పద్దెనిమిది నిండి, తన పేరు మీద తను బుక్ చేసుకొని, తన కార్డు తను చూపించే పిల్ల గానీ పిల్లోడు గానీ మనకు అతిథి. వాళ్లు రాత్రి పది దాటి నవ్వితే నాకు కొంచెం విసుగు, మా ఇంటామెకు అది కూడా లేదు. "ఇంట్లో నవ్వు వినపడి ఎన్నాళ్లయింది" అంటుంది.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెప్తాను. ఎవరైనా వేరేవాళ్ల కోసం అడిగితే మొదట కోపం తెచ్చుకోను. తొంభై మంది మంచి ఉద్దేశంతోనే అడుగుతారు. పిల్లల దగ్గర డబ్బు లేదు, కార్డు లేదు, తల్లిదండ్రులు వేస్తారు, అంతే. మొన్న తుమకూరు నుంచి ఒక తల్లి చేసింది.

"మా పాప, ఇంకో ఇద్దరు ఆడపిల్లలు వస్తారండీ. నేను పేమెంటు చేస్తాను."

"సంతోషం తల్లీ. పాపకు ఎన్ని ఏండ్లు?"

"ఇరవై."

"అయితే పాపనే తన ఫోన్‌లో ఖాతా తెరిచి బుక్ చేయమని చెప్పండి. డబ్బు మీరు పాపకు పంపించండి. మీ పేరు మీద వద్దు."

"ఏమండీ, మా మీద నమ్మకం లేదా?"

"మీ మీద ఉందమ్మా. వచ్చేది మీరు కాదు కదా. రాత్రిపూట పాపకు జ్వరం వచ్చిందంటే నేను ఎవరి పేరు చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకుపోవాల?"

ఆమె కొంచెంసేపు ఊరుకొని, "నిజమే పెద్దాయనా" అనింది. పాప తనే బుక్ చేసుకుంది. ముగ్గురూ వచ్చి లేపాక్షి చూసి పోయినారు. తల్లి నంబరు నా రిజిస్టరులో ఉంది, మిగతా ఇద్దరి తల్లిదండ్రుల నంబర్లు కూడా రాయించుకున్నాను.

పద్దెనిమిది లోపు వాళ్లు ఉంటే ఒకటే మాట: తల్లో తండ్రో, లేదంటే తల్లిదండ్రులు నాతో నేరుగా మాట్లాడి ఒప్పుకున్న పెద్దమనిషో, వాళ్లతోపాటు రాత్రి ఉండాల. వచ్చి దింపిపోతాను అంటే కుదరదు. ఎంతమంది అని చెప్పినారో అంతమందే గడప దాటాల. ప్రతి ఒక్కరి కార్డు నేను చూసి, పేరు, ఊరు రిజిస్టరులో రాస్తాను. పన్నెండు అంకెలూ కనపడే ఆధార్ జిరాక్సు పెట్టుకోను. చివరి నాలుగు అంకెలు కనపడే మాస్క్డ్ ఆధార్ చాలు. ఓటరు కార్డు, డ్రైవింగ్ లైసెన్సు కూడా సరిపోతాయి. ఆడపిల్లల కార్డుల ఫోటోలు మన ఫోన్లలో పడి ఉండటం మంచిది కాదు. పుట్టపర్తి పక్క ఉండే మనవాళ్లకు తెలుసు, విదేశీయులు దిగితే 24 గంటల లోపల ఆ వివరాలు ఆన్‌లైన్‌లో నింపాల. అది వాళ్లు ఎంత వయసువాళ్లైనా, ఎవరు బుక్ చేసినా తప్పదు.

పద్ధతి ఇంతే. ఇప్పుడు నా తప్పు.

ఇది ఆ కొండ సంగతి జరిగిన తరువాత. అప్పటికి నేను జాగ్రత్త నేర్చుకున్నాను అనుకుంటా ఉన్నాను. ఒక సాయంత్రం ఒకడు ఫోన్ చేసినాడు. ఎయిర్‌బీఎన్‌బీ కాదు, ఎవరో నా నంబరు ఇచ్చినారంట. మాట తెలుగే, మా పక్క యాస కాదు. "రెండు గదులు కావాల, ఒక్క రాత్రికి. తొమ్మిది మంది ఆడపిల్లలు. తమిళనాడులో స్పిన్నింగ్ మిల్లుకు తీసుకుపోతా ఉండాను. బండి చెడిపోయింది. తెల్లారితే పోతాము" అన్నాడు.

మిల్లు అనేసరికి నా మనసు మెత్తబడింది. మన పని కదా. వయసు అడిగినాను.

"అందరికీ పద్దెనిమిది నిండినాయి. ఆధార్లన్నీ నా దగ్గరే ఉండాయి" అన్నాడు.

తొమ్మిది మంది కార్డులు ఒకని జేబులో ఎందుకు ఉంటాయి? మిల్లులో పని చేసినవానికి ఆ మాట ఏమిటో తెలుసు. తమిళనాడు మిల్లుల్లో సుమంగళి అనే పథకం పేరు మీద మూడేళ్లు ఆడపిల్లలను హాస్టల్లో పెట్టి, పెండ్లికి పనికొచ్చేట్లు ఆఖరున ఒకేసారి డబ్బు ఇస్తామని చెప్పి పని చేయించుకున్న కథ మన పత్రిక చదివేవాళ్లకు కొత్త కాదు. గేటు దాటి బయటికి పోనియ్యరని, మూడేళ్లు నిండక ముందే ఏదో సాకు చెప్పి పంపిస్తే ఆ డబ్బు చేతికి రాదని తిరిగొచ్చిన పిల్లలు చెప్పినారు. 2011లో విదేశీ సంఘాలు దాని మీద పుస్తకమే వేసినాయి. ఐదుగురిని గానీ అంతకు మించి గానీ పక్క రాష్ట్రం పనికి తీసుకుపోయే కాంట్రాక్టరు లైసెన్సు పెట్టుకోవాలని 1979లోనే చట్టం వచ్చింది.

"ఒక పాపకు ఫోన్ ఇయ్యి" అన్నాను.

కొంచెంసేపు ఏమీ వినపడలేదు. తరువాత చిన్న గొంతు. "తాతా, మీ ఇంట్లో బాత్‌రూము లోపలే ఉంటాదా?" అని అడిగింది. అదే మొదటి మాట. నా పేరు అడగలేదు, ఊరు అడగలేదు. "లోపలే ఉంటాది తల్లీ. నీకు ఎన్ని ఏండ్లు?" అన్నాను. ఫోన్ లాక్కున్నారు. "ఏమి పెద్దాయనా, పోలీసోని మాదిరి అడగతా ఉండావు, గది ఉందా లేదా చెప్పు" అన్నాడు.

"ప్రతి పాప వాళ్లమ్మతో నేను ఫోన్‌లో మాట్లాడాల, నీ లైసెన్సు చూపించాల. అయితేనే గది" అన్నాను. వాడు ఒక బూతుమాట అని ఫోన్ పెట్టేసినాడు.

నేను ఆ రాత్రి ముద్ద తిని నిమ్మళంగా పండుకున్నాను. జాగ్రత్తగా ఉన్నాను అని. నా ఇంటామె చీకట్లో అడిగింది, "ఆ పిల్లలు ఇప్పుడు యాడ పండుకొని ఉంటారు?" అని. అప్పుడు లేచి కూర్చున్నాను.

మీకు చెప్పుకోవాల్సింది ఒకటి ఉంది. నేను మిల్లుకు పోయినప్పుడు నాకు పదిహేనేండ్లు. అయిదో తరగతి అయినాక ఊర్లో మేకలు కాస్తా ఉంటే, మా మేనమామ వరస అయ్యే మేస్త్రీ ఒకాయన వచ్చి మాయమ్మతో మాట్లాడి నన్ను బెంగళూరుకు తీసుకుపోయినాడు. అప్పుడు కూడా చట్టం ఉంది. 1948 ఫ్యాక్టరీ చట్టం ప్రకారం పద్దెనిమిది లోపు పిల్లోనికి డాక్టరు సర్టిఫికెట్ ఉండాల, పని చేసేటప్పుడు దాని టోకెను దగ్గర పెట్టుకోవాల. మేస్త్రీ నాకు పద్దెనిమిది అని రాయించినాడు. సర్టిఫికెట్ లేదు, ఏమీ లేదు. ఒక గదిలో పన్నెండు మందిమి. మొదటి షిఫ్టు వాడు లేస్తే ఆ చాప మీదే మూడో షిఫ్టు వాడు పండుకునేది. చాప ఎప్పుడూ చల్లబడేది కాదు. గది మేస్త్రీ పేరు మీద.

ఆ ఇంటి యజమానురాలు ఒక ముసలామె. కన్నడ, అరవం, తెలుగు అన్నీ కలిపి మాట్లాడేది. మొదటి రోజే గదిలోకి వచ్చి, మిగతావాళ్లను వదిలేసి, నా గడ్డం పట్టుకొని అడిగింది. "నీవు ఎవరి కొడుకువురా? వచ్చి చేరినానని మీ అమ్మకు తెలుసునా?" అని. నేను తెలీదన్నాను. కార్డు ముక్క ఒకటి తెచ్చి, పక్కన కూర్చొని రాయించింది. నాకు వచ్చిన అక్షరాలతోనే రాసినాను. తరువాత ప్రతి జీతం రోజూ అడిగేది, "అమ్మకు పంపినావా" అని. మేస్త్రీకి ఆమె అంటే కోపం. నన్ను కొట్టాలంటే మాత్రం ఆమె ఇంట్లో ఉండగా కొట్టేవాడు కాదు.

ఆమె గది ఇయ్యను అని ఉంటే? మేస్త్రీ ఇంకొక గది చూసేవాడు. ఎవరూ ఏమీ అడగని గది.

ఈ మాట నాకు ఆ రాత్రి తట్టింది. నేను ఆ మనిషికి గది లేదన్నందుకు తప్పు కాదు. ఆ తరువాత చేయాల్సింది ఒకటి ఉంది, అది నాకు తెలీదు. మరుసటి రోజు మా ఊరి అంగనవాడి అమ్మాయి చెప్పింది. "మామా, 1098 ఉంది కదా. చిన్నపిల్లల కోసం, రాత్రి పగలు, డబ్బు పడదు. మీ పేరు కూడా చెప్పనక్కర లేదు. లేదంటే 112." నేను అరవై దాటినవాణ్ణి, ఇన్ని గేటు మీటింగులు చూసినవాణ్ణి, ఆ నాలుగు అంకెలు తెలీదు. ఫోన్ చేసినాను. ఆ అమ్మాయి ఓపికగా అంతా రాసుకుంది. "బండి నంబరు తెలుసా? ఏ దారిలో ఉన్నారు?" అని అడిగింది. ఏమీ తెలీదు. వాని ఫోన్ నంబరు ఒక్కటే ఇచ్చినాను. "రాత్రే చేసి ఉంటే బాగుండేదండీ" అనింది, తప్పు పట్టినట్లు కాదు, ఉన్నది చెప్పినట్లు.

ఇప్పుడు రిజిస్టరు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో 1098, 112 రాసి పెట్టినాను. ఫోన్‌లో అట్లాంటివాడు మళ్లీ దొరికితే ఏమి చేయాలో ఆలోచించి పెట్టుకున్నాను. గది లేదని మొదటే చెప్పను. "బండి ఎక్కడ ఆగింది, నేనే వచ్చి దారి చూపిస్తాను" అని అడగాల. ఊరు, బండి నంబరు తెలుసుకోవాల. తరువాత ఆ నాలుగు అంకెలు నొక్కాల. ఆ లోపల వాళ్లు నా ఇంటికే వచ్చి చేరితే పిల్లలను లోపల కూర్చోబెట్టి మా ఇంటామె అన్నం పెడుతుంది. గది బాడుగ సంగతి తరువాత.

చెల్లెలా, నీకు ఫోన్ చేసినాయన సంగతి వేరు, ఆయన తండ్రి. కొడుకు పేరు మీద బుక్ చేయమని చెప్పు. ఎంతమంది, ఎవరి వయసు ఎంత, ఒక్కొక్కరి ఇంటి నంబరు రాయించుకో. పద్దెనిమిది లోపు వాడు ఒక్కడున్నా ఆయనను కూడా రమ్మను. రాను అంటే ఆ వారం గది ఖాళీగా ఉండనీ.

ఆ మేస్త్రీ నంబరు ఇంకా నా ఫోన్‌లో ఉండాది. రెండుసార్లు చేసి చూసినాను. స్విచ్ఛాఫ్ అని వస్తుంది.